ఊరి బీడును పాడిన కూలీ కవి

ఊరందరి పశువులూ మేసే బీడుకు కంచె పడితే పోయేది గడ్డి ఒక్కటేనా? ఆ నేలతో మనిషికున్న చుట్టరికమే తెగిపోతుందని కవితల్లో గోడు వెళ్ళబోసుకున్నవాడు ఇంగ్లండు కవి జాన్ క్లేర్.

1793 జూలై 13న నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్ గ్రామంలో ఆయన జన్మించాడు. తండ్రి నూర్పిడి కూలీ. తల్లికి చదువు రాదు. క్లేర్ ఏడాదిలో కొద్ది నెలలే బడికి వెళ్ళేవాడు. మిగతా రోజులు పొలం పనే. పిట్టల గూళ్ళు, పూలమొక్కలు, వాగులు ఆయనకు చిన్ననాటి నేస్తాలు.

అప్పట్లో హెల్ప్‌స్టన్ చుట్టూ ఉమ్మడి బీళ్ళుండేవి. పేదలు అక్కడ పశువులను మేపుకునేవారు, పుల్లలు ఏరుకునేవారు. 1809లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ భూములను కొలిచి, హక్కుదార్లకు పంచి, కంచెలు వేశారు. 1820 నాటికి పంపకం ముగిసింది. పంట పెరుగుతుందని దాన్ని కోరినవారి వాదన. భూమి లేని కూలీలకు మాత్రం మేత పోయింది, పాత కాలిబాటలు మూతపడ్డాయి. పొట్టకూటి కోసం ఆ కంచెల పనికి క్లేర్ కూడా వెళ్ళవలసి వచ్చింది.

1820లోనే ఆయన తొలి పుస్తకం వెలువడింది. ఏడాదిలో 3,000 ప్రతులకు పైగా అమ్ముడయింది. అయితే సంపదను నిందించే పంక్తులు తీసేయాలని పోషకుడైన ఒక ప్రభువు పట్టుబట్టాడు. తర్వాతి ముద్రణలో వాటిని తొలగించారు.

డబ్బు యావలో పడి మనిషి ప్రకృతికి దూరమవుతున్నాడని వర్డ్స్‌వర్త్ వంటి కవులూ ఆ రోజుల్లో బాధపడ్డారు. క్లేర్ ఆ నేలమీదే కూలి చేసి బతికినవాడు. అందుకే పల్లె మాటల్లోనే రాశాడు.

1827లో వచ్చిన మూడో పుస్తకం సరిగా అమ్ముడుపోలేదు. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. 1832లో మూడు మైళ్ళ దూరంలోని నార్త్‌బరోకు మారినా మనసు కుదుటపడలేదు. మతి చెదరడంతో 1837లో ఆయనను పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1841 జూలైలో అక్కడినుంచి తప్పించుకుని, నాలుగు రోజుల్లో సుమారు 80 మైళ్ళు నడిచి ఇల్లు చేరాడు. దారిలో ఆకలికి గడ్డి తిన్నాడు.

ఆ డిసెంబరులో ఆయనను మళ్ళీ నార్తాంప్టన్ ఆసుపత్రికి తరలించారు. అక్కడా కవితలు రాస్తూనే ఉన్నాడు. 1864 మే 20న అక్కడే కన్నుమూశాడు. దేహాన్ని హెల్ప్‌స్టన్‌కు తెచ్చి ఖననం చేశారు. ఆయన చిన్నప్పుడు తిరిగిన బీళ్ళు కవితల్లో మిగిలాయి.