గదిలో తిరిగిన ఆవిరి బండి

ఆవిరి యంత్రం అనగానే మనందరికీ జేమ్స్ వాట్ పేరే గుర్తొస్తుంది. పాఠాల్లో చదివింది కూడా అదే. ఆ వాట్ కంపెనీలోనే జీతానికి పనిచేస్తూ, ఇంట్లో తన చేతులతో బుల్లి ఆవిరి బండి చేసి నడిపిన విలియం మర్డాక్ గురించి నాకు పి.జి.లో చేరాకే తెలిసింది. మన హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మర్డాక్ 1754 ఆగస్టు 21న స్కాట్లాండులోని లూగర్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి మిల్లుల యంత్రాలు కట్టే పనివాడు. కొడుకు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. 1777లో ఉద్యోగం కోసం మూడు వందల మైళ్లకు పైగా నడిచి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చేరి, బౌల్టన్-వాట్ కంపెనీ గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పుడాయన వయసు ఇరవై మూడు, అంటే ఇప్పుడు నా వయసే. నేను పి.జి. సీటు కోసం బస్సులో వెళ్లడానికే ఎంత భయపడ్డానో!

బౌల్టన్ మొదట పని లేదన్నారట. కుర్రాడు బెరుకుగా చేతిలోని టోపీని తిప్పుతున్నాడు. చూస్తే అది చెక్క టోపీ. తానే తయారుచేసుకున్న లేత్ మీద చెక్కినది. లేత్ మీద గుండ్రంగా చెక్కడం చాలామందికి వస్తుంది. తలకు సరిపోయేలా కోలగా చెక్కడం వేరే సంగతి. అది చూశాకే ఉద్యోగం ఇచ్చారని చెబుతారు.

1779లో కంపెనీ ఆయన్ని కార్న్‌వాల్ ప్రాంతంలోని రెడ్రూత్‌కు పంపింది. అక్కడి గనుల్లో నీళ్లు తోడే యంత్రాలు బిగించడం, ఆగిపోతే బాగుచేయడం పని. అంత పని మధ్యలోనే 1784లో ఆ బండి తయారైంది. మూడు చక్రాలు, ఎత్తు అడుగుకు కాస్త ఎక్కువ. చిన్న రాగి బాయిలర్, దాని కింద స్పిరిట్ దీపం. సిలిండర్ వ్యాసం ముప్పావు అంగుళం. ఎనిమిదో తరగతిలో నేను రేకు డబ్బాతో ఆవిరి పడవ చేయబోతే మూత బిగవక ఆవిరంతా పక్కలనుంచి పోయింది. ముప్పావు అంగుళం సిలిండర్‌లో ఆవిరి కారకుండా పిస్టన్ ఆడించడం ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు.

ఒక రాత్రి చర్చి దారిలో దీపం వెలిగించి వదిలితే బండి ఆయనకంటే ముందు పరుగెత్తిందనీ, చీకట్లో నిప్పు కక్కుతూ వస్తున్నదాన్ని చూసి చర్చి ఫాదరు దయ్యమనుకుని కేకలు పెట్టారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1786లో మర్డాక్ బండిని పెట్టెలో సర్దుకుని పేటెంట్ కోసం లండన్ బయల్దేరారు. ఎక్సెటర్ దగ్గర దారిలో బౌల్టన్ ఎదురయ్యారు. నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు. ట్రూరో ఊళ్లో ఒక పెద్ద గదిలో మర్డాక్ పెట్టె విప్పి బండి నడిపి చూపించారు. నిప్పులు ఎత్తే పార, కడ్డీ, పటకారు మోసుకుంటూ అది గది చుట్టూ మైలు రెండు మైళ్లు తిరిగింది. చూసి కూడా కంపెనీ మనసు మారలేదు. ఎక్కువ ఒత్తిడి ఆవిరి ప్రమాదమని వాట్ భయం. గనుల దగ్గర ఇలాంటి పనివాడు మళ్లీ దొరకడని బౌల్టన్ భయం.

ఆయన ఎందుకు ఎదురుతిరగలేదని మొదట నాకు కోపం వచ్చింది. కానీ 1785లోనే ఆయనకు పెళ్లయింది. నెలజీతం మీద ఇల్లు నడిచేవాళ్లకు ఆ వెనుతిరగడం అర్థమవుతుంది. మా నాన్నను అడిగితే తిరిగి రావడమే మంచిదన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

పదిహేనేళ్ల తర్వాత, 1801 క్రిస్మస్ ముందురోజు, రెడ్రూత్ పక్కనున్న కామ్‌బోర్న్‌లో రిచర్డ్ ట్రెవితిక్ మనుషుల్ని ఎక్కించుకుని పెద్ద ఆవిరి బండి నడిపాడు. 1804లో పట్టాల మీద కూడా నడిపాడు. చిన్నప్పుడు అతను మర్డాక్ బండిని చూశాడని కొందరు, లేదని కొందరు అంటారు.

మర్డాక్ ఊరుకోలేదు. బొగ్గును వేడిచేసి తీసిన గ్యాసుతో 1792లో రెడ్రూత్‌లోని తన ఇంట్లో దీపాలు వెలిగించారు. దానికీ పేటెంట్ తీసుకోలేదు. 1808లో రాయల్ సొసైటీ ఆయనకు రంఫర్డ్ పతకం ఇచ్చింది. 1839 నవంబరు 15న కన్నుమూశారు.

ఆ బుల్లి బండి బర్మింగ్‌హామ్ థింక్‌ట్యాంక్ మ్యూజియంలో ఉంది. మన హాస్టల్ వాళ్లెవరైనా పైచదువుకు అటు వెళ్తే చూసి వచ్చి, వచ్చే సంచికలో రాయండి.