వేలికొనకు అందిన అక్షరం

పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే చిన్న గ్రామం ఉంది. ఆ ఊళ్లో సీమోన్ రెనే బ్రెయిలీ అనే వ్యక్తి గుర్రాలకు జీనులు, కళ్లాలు తయారు చేసి కుటుంబాన్ని పోషించుకునేవారు. ఆయన నలుగురు సంతానంలో చివరివాడుగా 1809 జనవరి 4న లూయీ జన్మించారు. నేడు ఏ దేశంలోనైనా అంధులు వేళ్లతో తడిమి చదివే లిపి ఈ లూయీ పేరుతోనే ఉంది. ఆయన పేరు వినని వారు మనలో అరుదు. కాని ఆ లిపిని ఒక బాలుడు తయారు చేశాడనీ, పెద్దలు దాన్ని చాలాకాలం ఒప్పుకోలేదనీ ఎంతమందికి తెలుసు? ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం.

తండ్రి పనిచేసే గదే లూయీకి ఆటస్థలం. మూడేళ్ల వయసులో, 1812లో, తండ్రి దగ్గర లేని సమయంలో తోలు పనికి వాడే మొనదేలిన పనిముట్టు ఒకటి చేతికి దొరికింది. నాన్న చేసినట్టే తానూ చేయబోయాడు. పనిముట్టు జారి కంట్లో గుచ్చుకుంది. కన్ను చీముపట్టింది. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు. ఆ జబ్బు రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి లూయీకి వెలుగన్నదే లేకుండా పోయింది.

చూపు లేని పిల్లవాడు పేదింట్లో పుడితే ఆ కాలంలో సాధారణంగా మిగిలేది భిక్షాటనే. లూయీ తల్లిదండ్రులు అలా వదిలేయలేదు. తండ్రి ఒక చెక్క మీద మేకులను అక్షరాల ఆకారంలో కొట్టి, కొడుకు వేలు పట్టుకుని వాటి మీద తిప్పేవారు. లూయీకి మొదటి వాచకం ఆ మేకుల చెక్కే. ఊరి మతగురువు పల్యుయి ఆ పిల్లవాడి తెలివిని గమనించి కొంత చదువు చెప్పారు. ఊరి బడిపంతులు మిగతా పిల్లలతో పాటు అతన్నీ కూర్చోబెట్టుకున్నారు. విన్నది విన్నట్టు అప్పజెప్పడంలో లూయీని మించినవారు ఆ బడిలో లేరు. ఆ తర్వాత పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో ఉచితంగా చోటు దొరికింది. 1819 ఫిబ్రవరిలో పదేళ్ల లూయీ ఇల్లు విడిచి అక్కడికి వెళ్లారు.

ఆ పాఠశాలను 18వ శతాబ్దం చివర్లో వాలెంతాఁ హావీ అనే దయాశీలి స్థాపించారు. అంధులకు చదువు వస్తుందని నిరూపించిన ఘనత ఆయనదే. తడిపిన కాగితాన్ని అచ్చు అక్షరాలపై ఒత్తి, అక్షరాలు పైకి ఉబికేలా పుస్తకాలు తయారు చేయించారు. (ఉబ్బెత్తు అక్షరం ఆలోచన పూర్వం లేనిది కాదు. బాగ్దాద్‌లోని ముస్తన్సిరియా మద్రసాలో పాఠం చెప్పిన జైనుద్దీన్ అల్ ఆమిదీ అనే అంధ పండితుడు కాగితపు పేలికను మెలిపెట్టి అక్షరంగా వంచి, పుస్తకం అట్టకు అతికించి, దాని వెలను వేలితో తెలుసుకునేవారని అస్సఫదీ తన గ్రంథంలో రాశారు. ఇది లూయీకి సుమారు ఐదు శతాబ్దాల ముందటి మాట.) కాని హావీ పుస్తకాలకు రెండు ఇబ్బందులు ఉండేవి. అక్షరం పెద్దది కావడంతో పుస్తకం మోయలేనంత బరువయ్యేది, ఖర్చు విపరీతం. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి ఆనవాలు పట్టేసరికి వాక్యం మొదలు మరిచిపోయేవారు. అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. వాటిని చదవవచ్చునే గాని, ఆ పద్ధతిలో విద్యార్థి తన చేత్తో ఏమీ రాసుకోలేడు. కళ్లున్నవారు తమ కంటికి నచ్చిన అక్షరాన్నే వేలికీ ఇచ్చారు. వేలికి ఏది అనువో వేలిని అడిగినవారు లేరు.

1821లో షార్ల్ బార్బియే అనే ఆయన తాను కనిపెట్టిన చుక్కల రాతను ఈ పాఠశాలకు తెచ్చారు. ఆయన పూర్వం సైన్యంలో పనిచేశారు. అక్షరానికి బదులు కాగితంపై ఉబికిన చుక్కలు! పిల్లల వేళ్లు వెంటనే సంతోషించాయి. పైగా ఒక పలక, ఒక మొన ఉంటే ఎవరైనా రాయవచ్చు. అయితే బార్బియే రాసింది అక్షరాలను కాదు, శబ్దాలను. 36 శబ్దాలను ఆరు వరుసల పట్టికగా పేర్చి, వరుస ఎన్నోది, ఆ వరుసలో శబ్దం ఎన్నోది అని చుక్కల్లో చెప్పారు. దానితో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా పట్టేవి. అంత పొడవు గుర్తు వేలికొన కింద ఇమడదు. వర్ణక్రమం లేదు, కామా లేదు, చుక్క లేదు, అంకెలు లేవు.

శబ్దం తెలిసి వర్ణక్రమం తెలియకపోతే ఏమవుతుందో మేము కళ్లారా చూశాం. చాలా ఏళ్ల క్రితం మా దగ్గర ఒక అంధ విద్యార్థి ఉర్దూ పాఠాలు వినేవాడు. ఒకసారి వింటే చాలు, పుట మొత్తం నోటికి వచ్చేది. అతని జ్ఞాపకశక్తిని పదిమందిలో పొగిడేవాళ్లం. ఏడేళ్లు గడిచాక ఒకరోజు అతను ఒక సందేహం అడిగాడు. పాఠంలో వచ్చిన సదా అనే మాటకు ఎల్లప్పుడూ అన్న అర్థం చెప్పుకోవాలా, పిలుపు అన్న అర్థం చెప్పుకోవాలా అని. సీన్ అక్షరంతో రాస్తే మొదటి అర్థం, స్వాద్ అక్షరంతో రాస్తే రెండో అర్థం. చెవికి రెండూ ఒకటే. జవాబు చెప్పి పంపాం గాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏడేళ్లలో అతనికి వేల మాటలు నేర్పాం, ఒక్క అక్షరం నేర్పలేదు. అంధునికి వినికిడే చదువు అనుకున్నది మేమే. ఆ కుర్రవాడిని మేము ఎన్నడూ అడగలేదు.

లూయీకి ఆ తేడా చిన్నతనంలోనే తెలిసింది. బార్బియే చుక్కలను తీసుకుని, శబ్దాలను వదిలి, అక్షరాలకు కట్టే పనిలో పడ్డారు. పగలంతా తరగతులు. రాత్రి పడకపైనా, సెలవుల్లో కూవ్రేలోనూ కాగితాలు పొడుచుకుంటూ కూర్చునేవారు. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, లిపి ఒక రూపానికి వచ్చింది. నిలువుగా మూడేసి, రెండు వరుసలు, మొత్తం ఆరు చుక్కలు. వేలు కదపకుండానే ఆరూ వేలికొన కింద ఇముడుతాయి. ఏ చుక్క ఉంది, ఏది లేదు అన్న తేడాతోనే 63 గుర్తులు పుడతాయి. అందులోనూ ఒక క్రమం పెట్టారు. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలే వాడారు. తర్వాతి పదికి అవే గుర్తుల కింద ఎడమవైపు ఒక చుక్క చేర్చారు. ఆపై అక్షరాలకు కింది రెండు చుక్కలూ చేర్చారు. పది గుర్తులు పట్టుబడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. లెక్కలకు, సంగీతానికి కూడా ఆ గుర్తులే సరిపోయాయి. 1829లో ఈ పద్ధతిని వివరిస్తూ పుస్తకం వెలువరించారు. 1837లో దాన్ని మరింత సవరించారు.

ఈ లిపిని రాసే తీరు ఉర్దూ తెలిసిన మనకు కొంత తమాషాగా ఉంటుంది. కాగితాన్ని పలకలో బిగించి వెనుకవైపు నుంచి పొడుస్తారు కనుక కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి వస్తాయి, అప్పుడు ఎడమ నుంచి కుడికి చదవాలి. అంటే ఫ్రెంచి వారైనా, తెలుగువారైనా ఆ పలకపై మన ఉర్దూ దిశలోనే రాస్తారు. మన ఉర్దూను మాత్రం వేలితో తెలుగు దిశలో చదువుకోవాలి!

లూయీ 1828లో అదే పాఠశాలలో సహాయక ఉపాధ్యాయులై, 1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయులయ్యారు. పియానో, ఆర్గన్ బాగా వాయించేవారు. పారిస్ చర్చీల్లో ఆర్గన్ వాయిద్యకారుడిగా కూడా పనిచేశారు. అప్పటి అధిపతి పిన్యే ఆయనకు అండగా ఉన్నారు. పిల్లలు తమ పాఠాలు తామే రాసుకుంటున్నారు, ఒకరికొకరు చీటీలు పంపుకుంటున్నారు. అయినా ప్రభుత్వం ఆ లిపికి గుర్తింపు ఇవ్వలేదు. 1840లో పిన్యే పదవి పోయి దుఫో వచ్చారు. కళ్లున్నవారు చదవలేని లిపి అంధులను సమాజం నుంచి వేరుచేస్తుందని ఆనాటి పెద్దల వాదం. చుక్కల లిపి తరగతి నుంచి బయటికి వెళ్లింది. కాని పిల్లలు మానలేదు. పలక దొరక్కపోతే సూదితోనైనా చాటుగా పొడుచుకునేవారు. ఒకసారి రాయడం రుచి తెలిసిన చేతిని ఆపడం ఏ అధికారికి సాధ్యం?

పెద్దల వాదానికి లూయీ కోపంతో కాక పనితో జవాబు ఇచ్చారు. 1839లో మరో పద్ధతి వెలువరించారు. చుక్కలను పేర్చి మామూలు అక్షరం ఆకారాన్నే గీసే పద్ధతి అది. దానితో అంధ బాలుడు కళ్లున్న తల్లికి తన చేతిరాతతో ఉత్తరం రాయగలడు. ఫూకో అనే అంధ మిత్రుడు ఆ పనికి ఒక యంత్రం కూడా తయారు చేశారు.

పాఠశాలలో దుఫోకు సహాయకులైన గ్వాదే పిల్లల చాటు రాతలను గమనించి మనసు మార్చుకున్నారు. 1844 ఫిబ్రవరి 22న కొత్త భవనం ప్రారంభోత్సవంలో ఆయన ఈ లిపి గురించి ప్రసంగించారు. సభ ముందు ఒక బాలిక చెప్పింది చెప్పినట్టు చుక్కల్లో రాసుకుంది. అప్పటిదాకా గది బయట ఉన్న మరో విద్యార్థిని పిలిపించారు. ఆమె ఆ కాగితంపై వేలు పెట్టి తడబాటు లేకుండా చదివింది. అడ్డుకున్న దుఫో కూడా ఆ తర్వాత వ్యతిరేకించలేదు.

అప్పటికే లూయీ క్షయతో బాధపడుతున్నారు. ఆయన చదువుకుని, పాఠం చెప్పిన పాత భవనం తేమతో కుళ్లిన ఇరుకు కట్టడం. లిపి కోసం ఆయన ఎవరి దగ్గరా రుసుము తీసుకోలేదు. కొద్దిపాటి జీతంలోనే విద్యార్థులకు పలకలు, కాగితాలు కొనిచ్చేవారు. ఆయన మిత్రుడు కోల్తా ఒక సంగతి రాసిపెట్టారు. తాను పోయాక తెరవకుండా కాల్చివేయమని లూయీ ఒక చిన్న పెట్టె అప్పగించారట. మిత్రులు ఉండబట్టలేక తెరిస్తే, అందులో విద్యార్థులు ఆయన దగ్గర తీసుకున్న అప్పుల చీటీలు ఉన్నాయట. 1852 జనవరి 6న, 43 ఏళ్లు నిండిన రెండు రోజులకు, లూయీ కన్నుమూశారు. మరో రెండేళ్లకు, 1854లో, ఆ పాఠశాల ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది. వంద సంవత్సరాలకు, 1952లో, ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన అవశేషాలను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించింది. ఆయన చేతుల ఎముకలు మాత్రం కూవ్రేలోనే ఉంచారు.

మన దేశంలో ఒక్కో ప్రాంతం ఒక్కో రకం చుక్కల లిపి వాడుతున్న రోజుల్లో, 1951లో, భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి కుదిరింది. తెలుగు క, ఉర్దూ కాఫ్, ఇంగ్లీషు కె వేలి కింద ఒకే గుర్తు. సీన్‌కు, స్వాద్‌కు మాత్రం వేర్వేరు గుర్తులు ఉన్నాయి. నేటి కంప్యూటర్‌లో అచ్చు పాఠాన్ని చుక్కల్లోకి మార్చే ఒక ఉచిత ప్రోగ్రాంకు లిబ్‌లూయీ అని ఆయన పేరే పెట్టారు. 2002లో దాన్ని ప్రారంభించిన జాన్ బోయర్ అంధుడే. తెరపై ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాంను ఆస్ట్రేలియాలో 2006లో మొదలుపెట్టిన వారూ అంధ యువకులే. వెల పెట్టి కొనే అటువంటి ప్రోగ్రాంలు పేద విద్యార్థికి అందనంత ఖరీదు కనుక, వారు దాన్ని ఉచితంగా ఇచ్చారు. అది తెలుగు చదువుతుంది, ఉర్దూ కూడా చదువుతుంది. వాక్యం మొత్తం చదవడమే కాదు, బాణం గుర్తు మీట నొక్కితే ఒక్కొక్క అక్షరమూ విడదీసి చెబుతుంది.

పైన చెప్పిన మా విద్యార్థి తర్వాత వేరే ఊళ్లో బ్రెయిలీ నేర్చుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ మీద కూడా పని చేస్తున్నాడు. పోయిన ఏడాది మేము టైపు చేయించి పంపిన ఉర్దూ ఉత్తరానికి జవాబు రాస్తూ, అందులో ఒకచోట స్వాద్ ఉండవలసిన చోట సీన్ పడిందని ఎంతో మర్యాదగా గుర్తుచేశాడు. చూసుకుంటే నిజమే.