కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు

కృష్ణ యొడ్డున ముక్త్యాల కోటను చూచుచు పెరిగిన మెట్టసీమవారమగు మాకు, కులపెద్దలనగానే వాసిరెడ్డి ప్రభువులు స్ఫురింతురు. కోటయు కత్తియు లేక, కలముచేతనే కులమును కదలించిన పెద్ద యొకరు పల్లపునేలయందు పుట్టిరి. వారే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు.

వారు 1887 జనవరి 15వ తేదీన కృష్ణామండలమందలి అంగలూరున, వ్యవసాయకుటుంబమున జన్మించిరి. 1914లో న్యాయశాస్త్రాధ్యయనమునకై ఐర్లాండునందలి డబ్లినుకు పోయిరి. వారక్కడ నున్న కాలముననే, 1916లో, ఐరిషువారు ఆంగ్లేయులపై తిరుగబడిరి. బారిష్టరై 1917లో స్వదేశమునకు మరలి, 1922లో తెనాలియందు స్థిరపడిరి. తమ యింటికి సూతాశ్రమమని పేరిడిరి.

ఈ పేరునందే వారి యభిప్రాయమంతయు నిమిడియున్నది. నైమిశారణ్యమున శౌనకాది మునులకు పురాణములు వినిపించిన సూతుడు బ్రాహ్మణుడు కాడు. పురాణము చెప్పుటకు తగినవాడు వేదము చదువుటకేల తగడను ప్రశ్న అచటనే పుట్టుచున్నది. సూతపురాణమున వారు పురాణకథలను ఒక్కొక్కటిగా బోనునెక్కించి ఎదురుప్రశ్నలు వేసిరి. కురుక్షేత్రసంగ్రామమున కౌరవుల పక్షమున వాదించిరి. 1920 నాటి శంబూకవధ నాటకమున, తపస్సు చేసినందుకు శిరస్సు కోల్పోయిన శూద్రుని పక్షము వహించిరి. వాదము పెరిగి రసము తగ్గిన చోట్లు లేకపోలేదు. బారిష్టరుగారు కవిగారిని ఒక్కొక్కప్పుడు ప్రక్కకు నెట్టుచుందురు.

వధూవరులకు అర్థము కాని మంత్రముతో పెండ్లి జరుగుట వారికి నచ్చలేదు. తెలుగున వివాహవిధిని కూర్చి, తామే పురోహితులై అనేక వివాహములు జరిపించిరి. ఆనాడు ఇట్టి పెండ్లికి ఒప్పుకొనిన ఆడపిల్ల తండ్రి యవస్థను ఊహింపుడు. బంధువులు విందుకు వత్తురో రారో, పెండ్లి చెల్లదందురో యేమో! గ్రంథము వ్రాయుట యొక యెత్తు, ఆ తండ్రి ప్రక్కన కూర్చుండుట మఱియొక యెత్తు.

1925లో తెనాలి పురపాలక సంఘాధ్యక్షులైన పిమ్మట గంగానమ్మ కొలుపులందలి జంతుబలిని మాన్పించిరి. పదవి నొకమారు కోల్పోయియు మరల ఎన్నికైరి.

మాకు తోచిన మాట దాచక చెప్పుచున్నాము. వారి పటమునకు పూలదండ వేయుటయందు మనము లోపము చేయము. కాని శంబూకుని ప్రశ్నను పైవారినే యడిగి, అదే ప్రశ్నను ఇతరులు మనలనడిగినపుడు చెవి నిడకుండుట వారి గ్రంథములను సగమే చదువుట. మన చేలలో పనిచేసినవారి బిడ్డలు నేడు ఆ ప్రశ్ననే పుస్తకములుగా వ్రాయుచున్నారు. వానిని కొని చదివినవారు మనలో నెందరు?

1943 జనవరి 16వ తేదీన కవిరాజుగారు కాలధర్మము నొందిరి. స్వర్గస్థులైరని వ్రాయబోయి మానితిమి. వారు విన్న నవ్వుదురు. 1987లో భారత తపాలాశాఖవారు వారి పేర బిళ్ల వెలువరించిరి. అంతకు చాల ముందే కుమారులు గోపీచందుగారు, ఎందుకని అడుగుట నేర్పినందులకు, తమ అసమర్థుని జీవయాత్రను తండ్రిగారికి అంకితమొసగియుండిరి.