చిట్టెలుకను ఆడించిన వాల్ట్ డిస్నీ

తోలుబొమ్మలాట యెరుగని తెలుగువారు అరుదు. తెరపై జుట్టుపోలిగాడు, బంగారక్క, లంకలో అల్లరి చేయు హనుమంతుడు ఆడుచుండగా మన పూర్వులు తెల్లవార్లు మేల్కొని చూచెడివారు. కన్నడ సోదరులు దానినే తొగలుగొంబెయాట యందురు. ప్రాణము లేని బొమ్మకు ప్రాణమున్నట్లు తోపించు ఈ విద్యనే కాగితముపై, ఫిలిముపై సాధించి లోకమును నవ్వించిన వాల్ట్ డిస్నీ చరిత్రను మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

డిస్నీ 1901 డిసెంబరు 5వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున జన్మించెను. మార్సెలీన్ అను చిన్న ఊరిలో పొలముల నడుమ పశుపక్ష్యాదుల బొమ్మలు గీయుచు బాల్యమున కొన్ని యేండ్లు గడపెను. తరువాత కాన్సాస్ సిటీలో తండ్రికి సాయముగా తెల్లవారుజామున మంచులో నడచి వార్తాపత్రికలు పంచెను. యౌవనమున అచ్చట స్థాపించిన చిత్రసంస్థ 1923లో దివాలా తీసెను. ఆ యేడే అతడు హాలీవుడ్ చేరి, అన్న రాయ్‌తో కలిసి మరల పని మొదలిడెను.

1927లో డిస్నీ బృందము సృష్టించిన ఆస్వాల్డ్ అను అల్లరి కుందేలు ప్రజల మన్నన పొందెను. అయితే దానిపై హక్కు యూనివర్సల్ సంస్థది. 1928లో ఎక్కువ ప్రతిఫలము కోరి న్యూయార్కు వెళ్లిన డిస్నీకి, తక్కువకే పని చేయవలెనను షరతు ఎదురయ్యెను. మధ్యవర్తి యగు చార్లెస్ మింట్జ్ అతని చిత్రకారులలో పలువురను అప్పటికే తనవైపు త్రిప్పుకొనియుండెను. కుందేలు చేజారెను. మిగిలినవి నేర్చిన విద్యయు, అబ్ ఐవర్క్స్ అను మిత్రుని తోడును.

ఆ యిరువురి కల్పనయే మికీ మౌస్ అను చిట్టెలుక. గీసిన చేయి ఐవర్క్స్‌ది. గొంతును పట్టుదలయు డిస్నీవి. మాటలాడు చిత్రములకు తెరపై సెకనుకు 24 చిత్రములు మారవలెను. అనగా ఏడు నిమిషముల ఆటకు పదివేలకు పైగా! 1928 నవంబరు 18వ తేదీన న్యూయార్కులోని కాలనీ థియేటరులో స్టీమ్‌బోట్ విల్లీ ప్రదర్శింపబడెను. అందు చిట్టెలుక ఈలవేయుచు ఓడ చుక్కాని త్రిప్పును, ఆవు పండ్లనే వాద్యముగా వాయించును, తుదకు శిక్షగా బంగాళాదుంపల తొక్క తీయును. కదలికకు సరిగా సంగీతము కుదిరిన ఆ చిత్రము డిస్నీకి కీర్తి తెచ్చెను. మికీని సృష్టించినందుకు 1932లో అతనికి ప్రత్యేక ఆస్కారు బహుమానము లభించెను. 1966 డిసెంబరు 15వ తేదీన అతడు మరణించెను. చేజారిన కుందేలు 2006లో గాని అతని సంస్థకు తిరిగి రాలేదు.

విద్యార్థులారా! వ్రాసియిచ్చిన పత్రముతో బొమ్మ పరులపాలు కావచ్చును. చేతికి వచ్చిన విద్య పరులపాలు కాదు. మన శ్రీనివాసపురపు మామిడితోటలలో కోతుల అల్లరికి కొదువ లేదు. పాత నోటుపుస్తకపు పుటల అంచున, పుటపుటకు కొంచెము మార్చుచు, ఒక కోతిని గీయుడు. పుటలను వడిగా త్రిప్పిచూడుడు. అది గంతులు వేయును.