సర్కారు తుమ్మను రప్పించిన దొర

కడప జిల్లాలో చెరువు గట్టు, డొంకదారి, బీడు భూమి ఎటు చూసినా సర్కారు తుమ్మే. ఈ ముళ్ల చెట్టు మన నేలది కాదు, పుట్టిల్లు అమెరికా ఖండం. దాన్ని కోరి తెప్పించింది అడవుల సంగతి తెలియని వ్యక్తేమీ కాదు. దక్షిణాది చెట్టూచేమల మీద గ్రంథాలు రాసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్.

1830లో లండన్ దగ్గర క్లాఫమ్‌లో పుట్టిన బెడ్డోమ్ న్యాయవాద వృత్తి వదిలి, 18వ ఏట ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరారు. మద్రాసులో కొత్తగా అటవీ శాఖ పెట్టిన హ్యూ క్లెగ్‌హార్న్ ఆయన్ను సహాయకుడిగా తీసుకున్నారు. తర్వాత శాఖ పగ్గాలు అందుకుని 1882 వరకు పనిచేశారు.

కొండలు తిరగడం, కనిపించినదాన్ని నమోదు చేయడం ఆయన అలవాటు. 1869-73 మధ్య 'ఫ్లోరా సిల్వాటికా' తెచ్చారు. ఫెర్న్ మొక్కల మీద పుస్తకాలు రాశారు. తిరుపతి కొండల్లోని బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసిందీ ఆయనే. శేషాచలంలో తప్ప పెద్దగా కనిపించని సైకస్ మొక్కకు ఆయన పేరే పెట్టారు.

అయితే అటవీ అధికారికి శాస్త్రం ఒక్కటే సరిపోదు. రైలింజన్లకు, ఊళ్లకు వంటచెరకు కావాలి. మెట్ట ప్రాంతాల్లో చెట్టు బతకాలి. 1876లో బెడ్డోమ్ ప్రొసోపిస్ విత్తనాలు కావాలని మద్రాసు రెవెన్యూ శాఖకు లేఖ రాశారు. రాయలసీమను ధాత కరువు పిండేసిన కాలమది. మరుసటి ఏడాది జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. 1878లో కడప జిల్లా కమలాపురంలో నాటారు.

చెట్టు అనుకున్న పని చేసింది. ఎండకు తట్టుకుంది, కట్టె ఇచ్చింది, నరికితే మళ్లీ చిగురించింది. ఆ గుణాలే ముప్పయ్యాయి. తియ్యటి కాయలు తిన్న పశువుల పేడతో గింజలు ఊరూరా మొలిచాయి. దాని కింద గడ్డి బతకదు. పశువుల మేత బీళ్లు ముళ్లపొదలయ్యాయి. అయినా బొగ్గు బట్టీలు పెట్టుకుని దానిమీదే బతికే పేదలున్నారు. అందుకే పీకేయడం అంత తేలిక కాదు.

బెడ్డోమ్ 1911లో లండన్‌లో కన్నుమూశారు. స్థానిక జాతులను అంత శ్రద్ధగా లెక్కగట్టిన మనిషికి కూడా, పరాయి చెట్టు కట్టెను లెక్కేసినంత సులువుగా దాని వ్యాప్తి లెక్కకు అందలేదు. ఎడారుల్లో పచ్చదనం కోసం, కలప తోటల కోసం ఇప్పటికీ త్వరగా పెరిగే విదేశీ చెట్లను ఎంచుకునేవారు కమలాపురం కథను ఒకసారి తెలుసుకోవాలి.