కూరేశుల కాలినడక

మా వీధిలోని దంపతులు కాలినడకను తిరుమలకు పోవ సంకల్పించి, ముహూర్తమునకై ఇటీవల మా ఇంటికి వచ్చిరి. ముహూర్తము చెప్పుటకు ఎంతోసేపు పట్టలేదు. వెంట తీసికొనిపోవలసిన వస్తువుల పట్టికయే ప్రొద్దు క్రుంకువరకు సాగినది. దుప్పట్లు, మందులు, చిన్న గ్యాసు పొయ్యి, పొడులు, పచ్చళ్లు, పిల్లవానికి పాలడబ్బా. అవి వినుచుండగా నా మనస్సు కూరేశులవైపు మరలినది.

కూరత్తాళ్వానని ద్రావిడదేశమున ప్రసిద్ధులైన ఈ మహనీయుల అసలు నామధేయము శ్రీవత్సాంకమిశ్రులు. కాంచీపుర సమీపమునగల కూరమను గ్రామమున, 1010వ సంవత్సరమున, మకరమాస హస్తా నక్షత్రమున అవతరించిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. శ్రీమద్రామానుజులకంటె ఏడేండ్లు పెద్దవారయ్యును ఆయనను ఆశ్రయించి శిష్యులైరి. ఐశ్వర్యమునకు లోటు లేదు. వారి ఇంట నిత్యము అన్నదానము జరుగుచుండెడిది. రాత్రి వడ్డన ముగిసిన పిదప మూయు పెద్దతలుపుల చప్పుడు కంచివరకు వినవచ్చెడిదట! అది యేమి ధ్వనియని పెరుందేవి తాయారు వరదరాజస్వామి నడిగినట్లు కాంచీపూర్ణులవలన విని కూరేశులు సిగ్గుతో క్రుంగిపోయిరి. దానము సైతము చప్పుడు చేయుచున్నదే యని తోచినది కాబోలు. ఉన్నదంతయు పంచిపెట్టి, ఆచార్యులున్న శ్రీరంగమునకు పత్నితో కాలినడకను బయలుదేరిరి.

ఆ ఇల్లాలి పేరు ఆండాళ్. గోదాదేవి నామమును ధరించిన గృహిణి. కంచినుండి శ్రీరంగము నేటి రహదారిమీదనే 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. నాడు నడుమ అడవులు, పరిచారకులు లేరు, పల్లకి లేదు. చీకటిపడిన తరువాత అడవిలో నడచుచుండగా ఆమె ఈ దారిలో భయమేమైన కలదా యని భర్తనడిగినది. చేతిలో ఏమైన ఉన్నవారికే భయము, మనకేమున్నదని ఆయన సమాధానము. అప్పుడామె వెనుకాడుచు, భర్త భుజించు బంగారు గిన్నె నొకదానిని మూటలో తెచ్చితినని తెలిపినది. కూరేశులు దానిని తీసికొని పొదలలోనికి విసరివైచి నడక సాగించిరి.

ఈ కథ చెప్పునపుడు కొందరు ఆ తల్లి లోభమును ఎత్తిచూపుదురు. అది నాకు సమ్మతము కాదు. ఆమె తనకొక నగయైనను దాచుకొనలేదు. పుట్టినది మొదలు బంగారు పాత్రలో భుజించిన భర్త రేపు ఆకులో తినవలసివచ్చునను దిగులే ఆమెచేత ఆ గిన్నెను మూట కట్టించినది. మేము యాత్రకు పోయినప్పుడెల్ల నా భార్య మూట అడుగున నాకొరకు ఏదో ఒకటి ఇట్లే దాచి తెచ్చెడిది. నేను విసుగుకొనెడివాడను. విసరివేయు పాటి వైరాగ్యము మాత్రము నాకు లేకపోయినది.

శ్రీరంగమున కూరేశులు ఉంఛవృత్తి నవలంబించిరి. ఒకనాడు పగలంతయు వాన కురిసి భిక్ష దొరకలేదు. భర్త ఉపవాసముతోనే గ్రంథావలోకనమున మునిగియుండిరి. రాత్రి ఆరగింపు గంట వినగానే ఆండాళ్ మనస్సు చివుక్కుమన్నది. నీ భక్తుడిక్కడ పస్తుండగా నీవు ఆరగించుచున్నావా యని రంగనాథుని తలచుకొన్నదట. కొంతసేపటికి ఆలయమునుండి మేళతాళములతో ప్రసాదము వచ్చినది. కూరేశులు ఆశ్చర్యపడి, కారణమును ఆమె నోటనే విని మందలించి, రెండు ముద్దలు ఆమెకిచ్చి తానొకటి స్వీకరించిరి. ఆ ప్రసాద మహిమచేతనే పరాశరభట్టరు, వేదవ్యాసభట్టరు అను కుమారులిద్దరు కలిగిరని పెద్దల మాట.

బోధాయనవృత్తికై రామానుజులు కాశ్మీరమునకు పోయినపుడు కూరేశులును వెంట నడచిరి. గ్రంథము మార్గమధ్యమున చేజారినను, ఆయన దానిని అంతకుముందే ధారణ చేసియుండుటచేత శ్రీభాష్యరచన ఆగలేదు.

ఆ తరువాత వచ్చినది కఠినకాలము. చోళరాజు పిలుపు రాగా ఆచార్యులను కాపాడ నెంచి కూరేశులు తామే కాషాయము ధరించి వృద్ధులైన మహాపూర్ణులతో రాజసభకు పోయిరి. అచట ఇరువురును కన్నులు కోల్పోయిరి. మహాపూర్ణులు తిరుగుదారిలోనే పరమపదించిరి. కూరేశులు శ్రీరంగము చేరి సన్నిధికి పోగా, రామానుజ సంబంధము కలవారికి ప్రవేశము లేదని కావలివారు అడ్డగించిరి. అందొకడు ఈయన సర్వజన మిత్రుడు గనుక విడువవచ్చుననెను. తన గుణములు ఆచార్యసంబంధమునకు మారుగా ఎంచబడుట సహింపక, ఆయన గుమ్మమునుండియే వెనుదిరిగిరి.

అప్పుడు కుటుంబముతో తిరుమాలిరుంజోలైకి బయలుదేరిరి. మధుర సమీపముననున్న ఆ అళగర్కొండ శ్రీరంగమునకు 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఈ మారు బంగారము లేదు, చూపు లేదు. దారి చెప్పుటకు ఆండాళ్ ఉన్నది. కన్నులు లేని ఆ మహానుభావుడు ఆ కొండమీది స్వామి బాహుసౌందర్యమును వర్ణించుచు సుందరబాహుస్తవమును కూర్చిరి. పంచస్తవములలో నాకు మిక్కిలి ప్రియమైనది అదియే.

ఏండ్లు గడచి రామానుజులు మేలుకోటనుండి మరలివచ్చిరని తెలిసి వారును శ్రీరంగము చేరుకొనిరి. కన్నులనిమ్మని వరదరాజస్వామిని వేడుకొనవలసినదని ఆచార్యులు ఆనతిచ్చిరి. మరల కంచి ప్రయాణము. వెనుక దంపతులు నడచివచ్చిన ఆ దారిలో, ఏ పొదలోనో, ఆ గిన్నె ఇంకను పడియుండెనేమో! సన్నిధిలో వరము కోరుకొమ్మని స్వామి సెలవీయగా, కూరేశులు తమ కన్నులమాట తలపెట్టలేదు. తాము కన్నులు కోల్పోవుటకు కారకుడైన నాలూరానునకు సైతము తమకు లభింపనున్న పదమే లభింపవలెనని వేడుకొనిరి.