దక్కన్ వారసత్వ పరిరక్షకుడు డాక్టర్ గులాం యజ్దానీ

దక్కన్ పీఠభూమిలోని బౌద్ధ గుహలు, కాకతీయుల ఆలయాలు, బహమనీల కోటలు అన్నింటినీ ఒకే వారసత్వంగా భావించి, వాటి రక్షణకు జీవితాన్ని అంకితం చేసిన బహుభాషావేత్త, కళారసజ్ఞుడు డాక్టర్ గులాం యజ్దానీ. 1885లో ఢిల్లీలో జన్మించిన ఆయన అరబ్బీ, పారశీక భాషలలో నిష్ణాతులు. 1914లో హైదరాబాద్ సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దానికి తొలి సంచాలకులై, దాదాపు మూడు దశాబ్దాలపాటు సేవలందించారు.

శాఖ ఏర్పడిన మరుసటి సంవత్సరమే, ఆనాడు సంస్థానంలో భాగమైన రాయచూరు జిల్లా మస్కిలో ఒక శిలాశాసనం వెలుగుచూసింది. అంతవరకు బిరుదులతోనే తెలిసిన మౌర్య చక్రవర్తి అశోకుని పేరు ఆ శాసనంలో స్పష్టంగా కనిపించింది. శాఖ గ్రంథమాలలో తొలి ప్రచురణగా 1915లోనే అది పండితలోకానికి అందింది.

అజంతా కుడ్యచిత్రాల రక్షణ ఆయన చేపట్టిన బృహత్కార్యం. సికింద్రాబాద్ నుంచి ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ వరకు రైలుమార్గం 20వ శతాబ్దారంభానికే ఏర్పడడంతో గుహలకు రాకపోకలు సులభమయ్యాయి. అయితే చిత్రాల రంగుపొరలు గోడల నుంచి ఊడిపోసాగాయి. వాటిని నిలపడానికి ప్రభుత్వం 1920 తర్వాత ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, కౌంట్ ఓర్సీనీలను రప్పించింది. రాలిపోతున్న పొరలను వారు గోడకు అతికించారు. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలక్రమంలో పసుపువారి, చిత్రాలను మసకబార్చింది. ఈ కారణంగా, యజ్దానీ రంగుల ఛాయాచిత్రాలతో 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా వెలువరించిన 'అజంతా' గ్రంథం విలువ మరింత పెరిగింది. గోడపై మసకబారిన అనేక వివరాలకు ఆ గ్రంథమే సాక్ష్యంగా నిలిచింది.

తెలుగు ప్రాంతానికి ఆయన చేసిన సేవ కూడా గణనీయమైనది. పాలంపేట ఆలయాలపై ఆయన రచించిన గ్రంథం 1922లో వెలువడింది. అక్కడి రామప్ప దేవాలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. తెలంగాణ జిల్లాల శాసనాలను పి. శ్రీనివాసాచార్ పరిష్కరించగా, ఆ సంపుటిని శాఖ 1940లో ప్రచురించింది. బీదరు చరిత్ర, కట్టడాలపై యజ్దానీ గ్రంథం 1947లో వచ్చింది.

భారత ప్రభుత్వం 1959లో ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆయన సంపాదకత్వంలో దక్కన్ ప్రాచీన చరిత్ర 1960లో వెలువడింది. 1962లో ఆయన కన్నుమూశారు. నాలుగేళ్ల తర్వాత, చరిత్రకారుడు హెచ్.కె. షేర్వాణీ సంపాదకత్వంలో పండితుల వ్యాసాలతో స్మారక సంపుటి హైదరాబాద్‌లో వెలువడింది.

కట్టడాన్ని కాపాడడం ఎంత అవసరమో, దాని స్థితిని ఎప్పటికప్పుడు నమోదు చేయడం అంతే అవసరమని యజ్దానీ కృషి నిరూపించింది. మరమ్మతులో పొరపాటు జరిగినా సరిదిద్దుకునే అవకాశం ఆ నమోదు వల్లనే మిగులుతుంది. వారసత్వ సంపద బాధ్యతలు నిర్వహించే వారందరికీ ఆయన జీవితం మార్గదర్శకం.